గరికలో తులసి

శ్రీమతే రామానుజాయ నమః

తిరుపతి,
2-12-1979, ఆదివారం.

చి.ల.సౌ. వకుళాదేవికి,

అనేక ఆశీస్సులు. ఇక్కడ నేను, అమ్మ, జాజితీగ, నాగులమ్మ ఆవు, ఆవు దూడ అందరం క్షేమం. అక్కడ నీవు, నీ పుస్తకాలు, మీ హాస్టలు సాంబారు కూడా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. కర్నూలులో చలి ఎక్కువని రాశావు. ఇక్కడ చలి లేదు, ముసురు ఉంది. కొండ మీద మబ్బు దిగి నాలుగు రోజులైనా లేవలేదు. ఈ ఉదయమే కాస్త తెరిపి ఇచ్చింది. వసారా మెట్ల మీద కూర్చుని, ఒళ్ళో పీట పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే పీట తప్పు.

ఇన్నాళ్ళూ నీకు కార్డులు రాశాను. కార్డుతో ఒక సుఖముంది. "అంతా బాగే" అని పెద్ద అక్షరాలతో రాస్తే సగం నిండిపోతుంది. నీవు అది కనిపెట్టినట్టున్నావు. "కార్డు రాస్తే చదవను, కవరులో పెట్టి పంపండి" అన్నావు. ఇదిగో, పోస్టాఫీసుకు పోయి కవరు తెచ్చి, జయరావు దగ్గర తెల్లకాగితాలు అడుక్కుని కూర్చున్నాను.

నీ ప్రశ్నలకు వరుసగా జవాబు చెప్పమన్నావు. టీచరు ట్రైనింగు అప్పుడే తలకెక్కినట్టుంది, ప్రశ్నల పక్కన మార్కులు వేయలేదు, అదొక్కటే తక్కువ. సరే. అన్నం వేళకు తింటున్నాను. రసంలో ఉప్పు మరిచిపోవడం తగ్గింది. ఎక్కువవుతోందని అమ్మ అంటుంది కానీ అది వేరే సంగతి. నీ నీలం పట్టుచీరను ఎలుకలు ముట్టలేదు, పెట్టెలో ఎండు వేపాకు వేశాను. ఇంట్లో పెరుమాళ్ళకు తిరువారాధన ఒక్కరోజూ తప్పలేదు. జయరావు ఇంటికి పేకాటకు పోవడం లేదు. పోయినా ఆదివారాలే. ఆఫీసులో పక్క కుర్చీవాడిని పూర్తిగా తప్పించుకోవడం నా వల్ల కాదు.

ఇక మిగిలినవి రెండు ప్రశ్నలు. "అత్తమ్మ నడుస్తున్నారా, లేదా? ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆమె అడుగు వేయలేకుండా ఉంటే నాకు ఈ ట్రైనింగు వద్దు. ముక్కోటి సెలవులకు వచ్చి అక్కడే ఉండిపోతాను" అని ఒకటి. "అత్తమ్మ సంతోషమ్మ చేత రాయించే కార్డుల్లో గడ్డిలో ఇవాళ కూడా ఒక తులసి మొలిచిందని ఉంటుంది. మీ కార్డుల్లో ఆ ఊసే ఉండదు. నేను వేసింది గరిక. అందులోకి తులసి ఎలా వచ్చింది? ఇన్నాళ్ళయినా ఇంకా ఎలా మొలుస్తూ ఉంది? మీరేం చేస్తున్నారు?" అని రెండోది.

మొదటిదానికి జవాబు: నడుస్తోంది. ఇప్పుడు కూడా నా కళ్ళ ముందే, చేతికర్ర పట్టుకుని, నీవు వేసిన పచ్చికలో నడుమ దాకా పోయి వంగి చూస్తోంది. రెండోదాని దగ్గర నా కలం కాస్త మొరాయిస్తుంది. అందుకని మొదటినుంచి చెప్పుకుంటూ వస్తాను. మధ్యలో కోపం వస్తే కాగితం చించకుండా చివరిదాకా చదువు.

వేసవిలో బావిగట్టు మీద అమ్మ జారిపడిన రోజు నీకూ గుర్తే. కట్టు విప్పిన రోజు ఎముకల డాక్టరు ఏమన్నాడో కూడా నీకు తెలుసు. గట్టినేల మీద వద్దు, మెత్తటి పచ్చిక మీద ఒట్టికాళ్ళతో పొద్దునా సాయంత్రమూ నడిపించండి, నడిపించకపోతే మడమ బిగుసుకుపోతుంది, తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు అన్నాడు. తిరుచానూరు రోడ్డులో పచ్చిక ఎక్కడుంది అని నేను తల గోక్కుంటుంటే, మన ఇంటి ముందరి గులకరాళ్ళ నేలను చూపించి "ఇక్కడ" అన్నావు. రాళ్ళు ఏరించావు. చెరువుమట్టి తోలించావు. నాగులమ్మ దొడ్డిలో మగ్గిన ఎరువు కలిపించావు. వంగి వంగి గరిక ముక్కలు నాటావు. నాటిన పచ్చిక చూడకుండానే కర్నూలుకు సీటు వచ్చిందని రైలెక్కాల్సి వచ్చింది. పోనంటే పోనని నీవు ఏడుస్తుంటే, "పోవే, నా కాలికి నువ్వు కాపలా ఏంది" అని అమ్మే తరిమింది.

రైలు కదులుతున్నా నీవు కిటికీలోంచి చెబుతూనే ఉన్నావు. యూరియా వద్దు. చీమల మందు పొడి వద్దు. అత్తమ్మ ఒట్టికాళ్ళతో తొక్కే గడ్డి అది, కాలికి పుండు పడితే నయం కాదు. రోజూ పైపైన చిలకరించవద్దు, నాలుగు రోజులకొకసారి వేరు దాకా తడిసేట్టు పోయండి. కొడవలితో మరీ కిందికి కోయవద్దు, కోసింది అక్కడే పరచండి, అదే ఎరువు. తుంగను పైన తుంచితే లాభం లేదు, కింద గడ్డతో సహా తవ్వాలి. ఇన్ని చెప్పి, నా ఆరోగ్యం జాగ్రత్త అని మాత్రం చెప్పడం మరిచిపోయావు. అది నేను మరిచిపోలేదు.

చెప్పినవన్నీ చేశాను. మొదట్లో గరిక మా ఆఫీసు సూపరింటెండెంటు నెత్తి మీది వెంట్రుకల్లా అక్కడొకటి ఇక్కడొకటి నిలబడింది. చెదలు కనిపిస్తే వేపపిండి చల్లాను. పులిసిన మజ్జిగలో నీళ్ళు కలిపి పోశాను. బియ్యం కడిగిన నీళ్ళు ఒక చుక్క కూడా కాలవలోకి పోనివ్వలేదు. గోడ పక్కన కాంగ్రెసు గడ్డి పూత రాకముందే చేతికి గుడ్డ కట్టుకుని పీకాను. ఒకరోజు జయరావు యూరియా పొట్లం పట్టుకుని వచ్చాడు.

"ఇది రెండు పిడికిళ్ళు కొట్టప్పా. నాలుగు దినాల్లో నల్లంగా నిగనిగలాడతాది. మీ ఇంటామె కర్నూల్లో ఉండాది, ఆమెకెట్ల తెలుస్తాది?" అన్నాడు.

నా చెయ్యి ఆ పొట్లం దాకా పోయిందని ఒప్పుకుంటాను. కానీ నీకు తెలియకుండా పోదని నాకు గట్టి నమ్మకం. పొట్లం తిరిగి ఇచ్చేశాను.

అసలు పప్పులో కాలేసింది వేరే చోట. పెరటి గుంట సంగతి నీకు తెలుసు కదా. ఆకులు, పేడ, కూరగాయల తొక్కలు వేసి, వానలన్నీ పోయాక జల్లెడపట్టి గడ్డి మీద పలచగా చల్లమన్నావు. ఇదివరకు పెరుమాళ్ళ మెడలో చాత్తిన పూలూ తులసిమాలలూ మరునాడు అమ్మే తీసుకుపోయి బావిలో వేసేది. కాలు విరిగాక ఆ పని నా మీద పడింది. ఆ బావిగట్టు చూస్తేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. "యాడ వెయ్యాల?" అని అమ్మను అడిగాను. "ఎవురూ తొక్కని తావులో వెయ్యి నాయనా" అంది. గుంటను ఎవరూ తొక్కరు. అందులో వేశాను. రోజూ వేశాను. ఎండిన తులసిమాలలు, వెన్నులు, విత్తనాలు, అన్నీ.

ఆ తర్వాత నాకు తొందర పుట్టింది. గరిక పలచగా ఉంది, అమ్మ కాలు పెట్టే రోజు దగ్గరపడుతోంది. వానలు పోయేదాకా ఆగమన్న నీ మాట పక్కనపెట్టి, దసరా ముందే గుంట విప్పాను. జల్లెడ పట్టలేదు, చేత్తో నలిపి పచ్చిక అంతా చల్లేశాను. మగ్గీ మగ్గని ఎరువు. ఎవరూ తొక్కని చోట వేసిన నిర్మాల్యాన్ని, అమ్మ తొక్కి నడవాల్సిన చోటే పరిచానన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు. వెంటనే వానలు పడ్డాయి. గరిక అల్లుకుంది. అబ్బా, ఎంత పచ్చగా వచ్చిందో అని పొంగిపోయాను.

అమ్మ మొదటి అడుగుకు మంచిరోజు చూశాం. పక్కింటి సంతోషమ్మ ఆస్పత్రి డ్యూటీకి పోకముందే వచ్చి, రోజూ కాలికి నూనె రాసి మర్దనా చేస్తోంది కదా, ఆమే ఒక వైపు పట్టుకుంది. నేను ఇంకో వైపు. అమ్మ మెట్టు దిగింది. కుడికాలు ఎత్తింది. ఎత్తిన కాలు అట్లే ఆపేసింది.

"ఏందమ్మా, నొప్పా?" అంది సంతోషమ్మ.

"కాదు. కిందికి సూడు. అదేం మొలక?"

సంతోషమ్మ వంగి ఆకును వేళ్ళతో తాకి, వాసన చూసి, నా వైపు చూసింది. నేను కూడా వంగాను. ఒకటి కాదు వకుళా. గరిక సందుల్లో ఎటు చూసినా బుల్లి బుల్లి తులసి మొలకలే. ఆవాలు చల్లినట్టు మొలిచి ఉన్నాయి. అమ్మ కాలు వెనక్కు తీసుకుంది. మెట్టెక్కి కుర్చీలో కూర్చుంది. "తులసెమ్మ మీద కాలు పెట్టమంటావా నాకు? ఆ కాలు ఎండిపోయినా సరే" అంది. నిర్మాల్యమంతా గుంటలో వేసి, ఆ ఎరువే ఇక్కడ చల్లానని చెప్పాక కూడా నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. మడమ అప్పటికే రాయిలా ఉందని సంతోషమ్మ చెప్పింది. ఆలస్యమైతే కష్టం సార్ అంది. ఇంటి ముందు అంత పచ్చిక, అందులో కాలు పెట్టలేని అమ్మ. నీకు ఏమని రాయను? "అంతా బాగే" అని రాశాను. ఆ కార్డు అదే.

సలహాలకు కొదవ లేదు. జయరావు ఏదో కలుపు మందు ఉందన్నాడు. తులసి మీద మందు కొడతానంటే అమ్మ ఈ ఇంట్లో పచ్చినీళ్ళు ముట్టదు. నాగులమ్మ పాలు పోసి చెంబు తీసుకుంటూ, "దానికేముండాది సామీ, మా దూడను ఒక పూట ఇడస్తా, అదే మేస్తాది" అంది. దూడను విడిచాం కూడా. అది గరికంతా మేసి తులసిని మాత్రం వదిలేసింది. అమ్మ చెయ్యెత్తి దూడకు దణ్ణం పెట్టింది.

ఆఖరికి తీర్పు అమ్మే చెప్పింది. తులసిని పీకి పారేయకూడదు. కానీ వేరుతో, మట్టితో లేపి, ఇంకొక ఇంట్లో పెట్టుకోవడానికి ఇస్తే దోషం లేదు. క్షీరాబ్ది ద్వాదశి వస్తోంది, ఎంతమంది అడుగుతారో చూడమంది. అయితే మంగళ, శుక్రవారాలు తులసి మీద చెయ్యి వేయకూడదు. పొద్దు గూకితే వేయకూడదు. ద్వాదశి నాడు అసలే కుదరదు. నాకేమో పగలంతా ఆఫీసు. ఈ లెక్కన ఆ మొలకలు మానులయ్యేదాకా ఆ పని తెమలదనిపించింది. జయరావు సెలవు చీటీ తనే రాసి, నా సంతకం పెట్టించుకుని పోయాడు. ఆ మేలు మాత్రం వాడిది.

మెట్టు మీద పీట వేసుకుని అమ్మ, తోడుగా సంతోషమ్మ. కింద గడ్డిలో నేను. పక్కన అరటిదొప్పలు, టెంకాయ చిప్పలు. నేను చిన్న పారతో ఒక మొక్క లేపి దొప్పలో పెట్టానో లేదో, పైనుంచి మొదలు.

"అది మొక్కనుకున్నావా, పన్ననుకున్నావా? లాగుతావేంది. మన్నుతో ఎత్తు."

ఎత్తాను.

"నాటేటప్పుడు గుంత లోతుగా తియ్యి. ఏరు మడిసి నాటితే చెట్టు జన్మంతా ముక్కతా పెరుగుతాది. నీకు ఒక్కటన్నా తిన్నంగా చేసేది వచ్చునా?"

నాలుగో మొక్క దగ్గర ఆమెకు ఓపిక అయిపోయింది. పీటను కిందికి వేయమంది. మొక్కలు లేపిన జాగాలో, ఇంత ఖాళీ అయిన గరిక మీద, సంతోషమ్మ భుజం పట్టుకుని దిగింది. దిగి పీట మీద కూర్చుని తనే పార తీసుకుంది. ఆ జాగా అయ్యాక, "పీట జరుపు" అంది. నేను జరిపేలోపల, లేచి ఒక అడుగు వేసి నిలబడి ఉంది. ఒట్టికాళ్ళు. గరిక మీద. తను అడుగు వేసిందన్న సంగతే ఆమెకు తెలియదు. ఆమె కళ్ళు తర్వాతి మొలక మీద ఉన్నాయి. సంతోషమ్మ నా వైపు చూసి నోటి మీద వేలు పెట్టుకుంది. నేను తల వంచుకుని మట్టి తవ్వుతున్నట్టు నటించాను. కళ్ళు తుడుచుకుందామంటే చేతులకు మట్టి ఉంది.

అట్లా రోజుకు కొంచెం. తవ్వినకొద్దీ జాగా పెరిగింది, జాగా పెరిగినకొద్దీ అమ్మ నడిచింది. మొక్కలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళను అమ్మ పిల్లనిచ్చేటప్పుడు అడిగినట్టు అడిగింది. కోట కట్టినారా? నీళ్ళు ఎవురు పోస్తారు? ఊరికి పోతే పక్కింటోళ్ళకు చెప్పి పోతారా? తిరుచానూరులో పూలు అమ్మేవాళ్ళు వచ్చారు, వీధిలోవాళ్ళు వచ్చారు. జయరావు తన భార్య కోసం అడిగితే, "యూరియా ఏస్తావా?" అంది. "లేదమ్మా, ఒట్టు" అన్నాడు పాపం. సంతోషమ్మ మొహమాటంగా, "మా ఇంట్లో పూజ ఉండదు కదమ్మా, దగ్గుకు కషాయానికి ఒకటి ఇస్తారా?" అంటే, అమ్మ అన్నిటికంటే బలమైన మొక్కను ఏరి ఆమె చేతిలో పెట్టింది. "నువ్వు నీళ్ళు మరిసేదానివి కాదులే" అంది.

ద్వాదశి దాటాక చూస్తే పచ్చికలో ఒక్క తులసి లేదు. గుంతలు పడ్డ చోట ఎరువు కలిపిన మట్టి నింపాను, ఈసారి జల్లెడ పట్టి. గరిక మళ్ళీ అల్లుకుంది. ఇక ఏముంది, అమ్మ హాయిగా నడుస్తుంది అనుకున్నాను. నీవైనా అట్లే అనుకుంటావు.

నడవలేదు. మరునాడు పొద్దున మెట్టు దాకా వచ్చి కూర్చుంది. దిగమంటే దిగదు. "గడ్డి బాగుండాది. సూసుకుంటా కూసుంటా" అంది. డాక్టరు చెప్పాడు కదమ్మా అంటే, "పనీపాటా లేకుండా ఈ మూల నుంచి ఆ మూలకు నడిసేది ఎవురన్నా సూస్తే నవ్వుతారు" అంది. సంతోషమ్మ బతిమాలింది, నేను అరిచాను. చెవిన వేసుకుంటేనా. ఆమె పుట్టి బుద్ధెరిగి ఊరికే నడిచింది లేదు. నీళ్ళకో, పూలకో, గుడికో నడిచింది. నాలుగు రోజులకే పాదం మళ్ళీ ఉబ్బింది. సరిగ్గా అప్పుడే నీ కార్తీకమాసపు ఉత్తరం వచ్చింది. అందులో కూడా ఇదే మాట రాశావు, ట్రైనింగు మానేసి వస్తానని. అమ్మకు ఉత్తరం చదివి వినిపిస్తూ ఆ మాట మింగేశాను. నాకు దిక్కు తోచలేదు. ఇక్కడ అమ్మ కాలు, అక్కడ నీ చదువు, రెండూ ఒకే గడ్డిలో ఇరుక్కున్నాయి. నీవు చదవాలని నాకు ఎంత ఉందో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. చాలా ఉంది.

వకుళా, నీ రెండో ప్రశ్నకు జవాబు ఇప్పుడు వస్తోంది. నీ గడ్డిలో తులసి మొలవడం లేదు. నేను నాటుతున్నాను.

పెరటి గోడ పక్కన తనంతట తానే పెరిగిన నల్లతులసి కింద చాలా మొలకలు ఉన్నాయి. పొద్దున్నే అమ్మ లేవకముందు కుళాయికి పోయే నెపంతో బిందె తీసుకుని పోయి, ఒక మొలక లేపి, నీ పచ్చికలో దూరతాను. పుల్లతో పొడిచి, మొక్క దూర్చి, గరిక సర్ది వచ్చేస్తాను. మొదటిరోజు మెట్టుకు దగ్గరగా నాటాను. అమ్మ కుర్చీలోంచే చూసి, "అయ్యో, ఇంకొకటి మిగిలిపోయింది" అని కర్ర అందుకుంది. మరునాడు కాస్త దూరం. ఆ మరునాడు ఇంకాస్త. మంగళ, శుక్రవారాలు నాటను, నాటినా ఆమె తీయదు. ఆ రెండు రోజులు మాత్రం, రేపటికి ఏమైనా మొలిచిందా అని చూడడానికే ఒక చుట్టు తిరిగి వస్తుంది. పాదం ఉబ్బు దిగిపోయింది. మడమ వంగుతోందని డాక్టరు మెచ్చుకున్నాడు. ఎలా చేశారు అని నన్నడిగితే నేల చూపులు చూశాను.

నీ పచ్చిక ఇప్పుడు గుంతలు గుంతలుగా ఉంది. ఎంతో కష్టపడి కలుపు లేకుండా నీవు వేసిన దాంట్లో, నేనే రోజూ చేత్తో కలుపు నాటుతున్నాను. తిట్టాలంటే తిట్టు. పెరుమాళ్ళ ముందు నిలబడి క్షమించమని రోజూ అడుగుతున్నాను. నీకు మాత్రం ఒక మనవి. ఈ సంగతి నీ కడుపులోనే పెట్టుకో. అమ్మకు రాసే కార్డులో పొరపాటున కూడా ఎత్తవద్దు. ఆమెకు తెలిస్తే మెట్టు దిగదు. మోసం చేశానని బాధపడుతుంది కూడా.

*

పై మాట కొట్టెయ్యి.

అక్కడిదాకా రాసి కలం తుడుచుకుంటున్నాను. అమ్మ పచ్చిక నడుమ నుంచి వచ్చింది. కర్ర ఒక చేతిలో, ఈరోజు మొక్క ఇంకో అరచేతిలో. నా పక్కన మెట్టు మీద కూర్చుని, అరచేయి నా ముక్కు కింద పెట్టింది.

"రంగా, ఏరు సూడు."

చూశాను. వేరు అడుగున మడతపడి, పైకి తిరిగి ఉంది.

"విత్తనంలోంచి మొలిసింది నిలువుగా దిగతాది. మడిసి ఉండాదంటే ఎవురో పుల్లతో దూర్సినారు. ఇంత సెప్పినా నీకు నాటేది రాలేదు కదరా. పైగా ఇది నల్లతులసి. మన పెరుమాళ్ళకు చాత్తేది పచ్చతులసి."

కాగితాల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, ఆమెకు చదువు రాదన్న సంగతి మరిచిపోయి.

"ఎప్పుడు తెలిసిందమ్మా?" అన్నాను.

"మొదటి దినమే."

"మరి ఎందుకు నడిస్తివి?"

అమ్మ మొక్కను టెంకాయ చిప్పలో పెట్టి, వేరు వేలితో సాపు చేసి, మట్టి నొక్కింది. నింపాదిగా చేసింది. ఆ తర్వాత అంది.

"కార్తీకంలో వకుళ లెటరు సదవతా మధ్యలో ఒక ముక్క మింగినావు గదా. నీ గొంతు ఆగితే నాకు తెలీదా? నువ్వు ఆఫీసుకు పోయినాక సంతోషమ్మ చేత మళ్ళా సదివించుకున్నా. నా కాలి కోసరం అది సదువు ఇడిసి వచ్చేస్తాదంట. ఆ మాట ఇన్నాక నేనెట్ల కూసుందును? కానీ నడస్తానని నా నోటితో ఎట్ల సెప్పేది, అంత మొండికేసినాక? పొద్దన్నే సూస్తే నువ్వే దోవ సూపిస్తివి."

నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. అమ్మ మాత్రం పచ్చిక కేసి చూస్తోంది. మెట్టు నుంచి గేటు దాకా చూసి, కర్రతో చూపించింది.

"ఈడీడ్నే నాటతాండావు. రేపు ఆ గేటు కాడ నాటు. ముక్కోటికి వకుళ వచ్చే దినం నేను గేటు దాకా ఎదురు పోవల్ల. సెలవులు అయినాక ఆ గేటు కాడనే నిలబడి పొమ్మంటా. అప్పుడు పోకుండా యాడుంటాదో సూస్తా."

ఇదంతా ఉన్నది ఉన్నట్టు రాశాను. నీవు ముక్కోటికి రావాలి, మళ్ళీ పోవాలి. గేటు దగ్గర నేల ఇంకా గట్టిగానే ఉంది, ఈ సాయంత్రమే తవ్వి ఎరువు కలిపి పెడతాను. రేపు పొద్దున్నే అక్కడ నాటుతాను. వేరు మడవకుండా నాటుతాను.

ఇట్లు,
నీ భర్త, మీ అత్తమ్మగారి కొడుకు,
రంగరాజు